పాప నెత్తిన వేయించిన ఒట్టు

2022. మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, తాగుడు మాన్పించే వార్డు, పన్నెండు మంచాలు. నేను అక్కడ సీనియర్ నర్సును. తాగుడు ఆపిన మొదటి రోజుల్లో వచ్చే వణుకునూ, చెమటలనూ, ఫిట్సునూ విత్‌డ్రాయల్ అంటాం. దాన్ని మందులతో దాటించవచ్చు. ఇంటికెళ్లాక ఏం జరుగుతుందన్నదే అసలు బెంగ.

అందుకు నా సొంత వైద్యం ఒకటి ఉండేది. డిశ్చార్జ్ రోజు పేషెంటు చేత బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టించి, ఇక తాగనని ఒట్టు వేయించేదాన్ని. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మా వైపు ఇళ్లలో ఎప్పటినుంచో చేస్తున్నదే; ఒట్టు తప్పితే ఆ బిడ్డకు కీడని నమ్మకం. భార్యలు కళ్లు తుడుచుకుని నాకు దణ్ణం పెట్టి వెళ్లేవాళ్లు. అది నాకు బాగానే ఉండేది.

రెడ్డెప్ప చౌడేపల్లె దగ్గరి పల్లెవాడు, పాల వ్యాను డ్రైవరు. ముప్పై నాలుగేళ్లు. వార్డులో ఉన్నన్నాళ్లూ చెప్పినట్టు విన్నాడు. వెళ్లే రోజు మాత్రం మొండికేశాడు.

"వద్దు మేడమ్. యాడ సంతకం పెట్టమన్నా పెడతా. పాప నెత్తిన చెయ్యి పెట్టను."

"సూడమ్మా, మళ్లా తాగాలని ఉండాది ఈయప్పకు. అందుకే భయం," అంది భార్య లక్ష్మీదేవి.

"తాగనివాడికి భయమెందుకప్పా?" అని నేనూ గద్దించాను. ఎనిమిదేళ్ల పల్లవి మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది. చివరికి నేనే అతని చెయ్యి పట్టుకుని పాప తల మీద పెట్టాను. ఆ చెయ్యి వణికింది. విత్‌డ్రాయల్ ఇంకా పూర్తిగా పోలేదేమో అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

ఫాలో-అప్‌కు, అంటే పదిహేను రోజులకోసారి చూపించుకోవడానికి, ఒక్కసారే వచ్చాడు. రెండు నెలలకు లక్ష్మీదేవి ఏడుస్తూ వచ్చింది. గంగజాతరకు వెళ్లిన మనిషి ఇల్లు చేరలేదట. ఇంకో నెలకు పుంగనూరు బస్టాండులో పడి ఉంటే ఎవరో గుర్తుపట్టి ఆమెకు కబురు చేశారు. మా దగ్గరికి తెచ్చేసరికి కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి ఉంది. లివరు చాలావరకు పోయిందన్నారు డాక్టరు.

"తాగితే తాగావు, నా దగ్గరికి రావచ్చు కదా?" అన్నాను.

"ఏమని వచ్చేది మేడమ్? జాతరలో ఒక గ్లాసు తాగితిని. ఇంటికి పోతే పాపకు తగుల్తాదని పోలేదు." మళ్లీ తనే అన్నాడు. "మా నాయన మా చెల్లెలి నెత్తిన ఒట్టేసి, ఆ సాయంత్రమే తాగినాడు. వారంలో జొరమొచ్చి అది సచ్చిపాయ. ఆ పొద్దు సారాయి తెచ్చిచ్చింది నేనే. నాయన పొమ్మంటే పోతిని. నాకు తొమ్మిదేండ్లు. ఈ మాట లక్ష్మికి కూడా తెల్దు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఇరవై అయిదేళ్ల కిందటి ఏ ఒట్టును అతను తాగి మరవాలనుకున్నాడో, ఆ ఒట్టునే నేను చెయ్యి పట్టి మళ్లీ వేయించాను.

"ఆ బిడ్డ జ్వరానికి పోయిందప్పా. నువ్వు చంపలేదు. నీ చేత ఒట్టు వేయించిన తప్పు నాది," అన్నాను. అతను నమ్మలేదు.

ఒట్టుకు భయపడి ఇంటికి రాలేదని మాత్రం లక్ష్మీదేవికి చెప్పి, మర్నాడు పాపను తీసుకురమ్మన్నాను. పల్లవిని గుమ్మంలో చూడగానే మొహం తిప్పుకున్నాడు. పాపకు నేనేమీ నేర్పలేదు. మంచం దగ్గరికి వెళ్లి, ఒట్టు చెల్లకుండా చేయడానికి బళ్లో పిల్లలు అనుకునే మాటే అంది.

"ఒట్టు తీసి గట్టున పెట్టేసినా నాయనా. ఇంటికి రా."

రెడ్డెప్ప గోడ వైపు తిరిగి గట్టిగా ఏడ్చాడు.

తర్వాత పదకొండు నెలలు ఇంటి దగ్గరే బతికాడు. కౌన్సెలర్ ముందు ఆ చెల్లెలి పేరు పలకడానికే మూడు నెలలు పట్టింది. భార్యకు తనే చెప్పుకున్నాడు. మధ్యలో ఒకసారి కుప్పంలో చుట్టాలింట్లో తాగాడు. మర్నాడు మొదటి బస్సుకే వచ్చి వార్డు ముందు కూర్చున్నాడు. "తాగినా మేడమ్. చెప్పాలని వచ్చినా," అన్నాడు.

ఇప్పుడు ఎవరి చేతా ఒట్టు వేయించను. తాగితే మర్నాడే రమ్మంటాను. రెడ్డెప్ప కంటే ముందు ఎంతోమంది చేత ఒట్టు వేయించి పంపాను. వాళ్లలో మళ్లీ రానివాళ్లందరూ తాగుడు మానేశారనే అనుకునేదాన్ని.