నేను సంతకం చేయించిన జాబితా

1961 జూన్‌లో నన్ను వికారాబాద్–తాండూరు ప్రాంతానికి క్షేత్ర పరిశీలకుడిగా వేశారు. హైదరాబాదులో ఒక వ్యాపార కుటుంబం నడిపే ధర్మనిధిలో ఉద్యోగం. అణగారిన కులాలవాళ్ల కోసం పనిచేసే చిన్న సంఘాలకు ఆ నిధి గ్రాంటులిచ్చేది. ప్రభుత్వ సొమ్ము కాదు కనుక తహసీలు కచేరీల చుట్టూ తిరగాల్సిన పని మాకు లేదు. అయితే కాగితాల పిచ్చిలో మాత్రం సర్కారుకు మేమేమీ తీసిపోయేవాళ్లం కాదు.

పద్ధతి ఇలా ఉండేది. సంఘం దరఖాస్తు పెట్టుకుంటుంది. పరిశీలకుడు వెళ్లి చూసి సిఫారసు రాస్తాడు. కార్యదర్శి ఆ సిఫారసును ధర్మకర్తల సమావేశంలో పెడతాడు. మంజూరైతే విడతలుగా విడుదల చేస్తారు. వీటన్నిటికీ ముందు మూడో నంబరు ఫారం నింపాలి. లబ్ధిదారుల పేరు, తండ్రి పేరు, కులం, ప్రస్తుతం ఎవరి దగ్గర పనిచేస్తున్నదీ అందులో రాసి, ఆ ఊరి పెత్తనం చూసే పటేల్‌తో ధ్రువీకరణ సంతకం పెట్టించాలి.

ఈ ఆఖరి షరతు నా బుర్రలో పుట్టిందే. అంతకుముందు వికారాబాద్‌లో ఒక సంఘం చచ్చిపోయినవాళ్ల పేర్లతో జాబితా ఇచ్చి మమ్మల్ని నిలువునా ముంచింది. అప్పుడు నేనే ఈ నిబంధన రాసి పంపాను. ధర్మకర్తలు మెచ్చుకున్నారు. నేను నెల రోజులు కాలరెగరేసుకుని తిరిగాను. మా మేనమామ పట్వారీ, అంటే ఊరి కరణం. పటేళ్ల ఇళ్లలో తిరుగుతూ పెరిగినవాణ్ణి. ఊళ్లో ఎవరున్నారో, ఎవరు లేరో పటేల్‌కంటే బాగా ఎవరికి తెలుస్తుందని నా ధీమా.

తాండూరులో శాంతప్ప అనే రాతిపనివాడు ఉండేవాడు. నాపరాయి కోసి నునుపు చేయడంలో గట్టి చెయ్యి. ఇంట్లో కన్నడం, బయట మన తెలుగు. అతను పదిమందిని కూడగట్టి ఒక సంఘం పెట్టి, ఊళ్లలో జీతమున్నవాళ్లకు రాతిపని నేర్పిస్తామని దరఖాస్తు చేశాడు. జీతమంటే నెలనెలా అందుకునేది అనుకోకండి. ఆ వైపు జీతగాడంటే ఏడాది పొడుగునా ఆసామి ఇంట్లో, గొర్ల మంద దగ్గర, పొలంలో కట్టుబడి ఉండేవాడు. తండ్రి ఉంటే కొడుకూ ఉంటాడు. పోలీసు చర్య జరిగి పదమూడేళ్లయింది, వెట్టి పోయిందని మేం హైదరాబాదులో చెప్పుకునేవాళ్లం. చేతిలో రాతిపని ఉంటే వాళ్లు ఎవరి గడపా తొక్కనక్కర్లేదని శాంతప్ప లెక్క. బంట్వారం వైపు ఒక ఊరి నుంచి పన్నెండు మంది సిద్ధంగా ఉన్నారన్నాడు.

అన్నీ చెప్పాడు గానీ మూడో నంబరు ఫారం దగ్గరికొచ్చేసరికి నసిగాడు.

"పేర్లు రాయకుంట నడవదా సార్? మంది వస్తరు. ఆ పూచీ నాది" అన్నాడు.

నాకు వెంటనే వికారాబాద్ సంఘం గుర్తొచ్చింది. ఇతనూ ఆ తానులో ముక్కేనేమో అనుకున్నాను. పేర్లు లేనిదే సిఫారసు రాయనని ఖండితంగా చెప్పాను. రెండు వారాల తర్వాత అతను జాబితా ఇచ్చాడు, సంతకం లేకుండా. సరే, ఆ పని నేనే చేసుకొస్తానని పటేల్‌కు కార్డు రాసి బయల్దేరాను. ఎందుకు నసిగాడని ఒక్కసారైనా అతన్ని అడగలేదు.

ధారూర్ స్టేషన్‌కు పటేల్ తన బండి పంపించాడు. ఇంటికి వెళ్లగానే చాయ్, ఉప్మా. మా మేనమామ పేరు చెబితే బంధువును చూసినట్టు సంతోషపడ్డాడు. కళ్లద్దాలు పెట్టుకుని పన్నెండు పేర్లూ ఒక్కొక్కటే పైకి చదివాడు. "ప్రస్తుతం ఎవరి దగ్గర పని" అన్న గడిలో అన్నిచోట్లా ఆయన పేరే ఉంది. నేను దాన్ని చూశాను. చూసి, వివరాలు ఆయనకు బాగా తెలిసి ఉంటాయి, మంచిదే అనుకున్నాను.

"ఎల్లిగాడు రాళ్లు కోస్తడా! మంచిదే సార్, బాగుపడనియ్యుండ్రి" అని చక్కటి దస్తూరీతో సంతకం పెట్టాడు. "జర దీని నకలొకటి ఇయ్యుండ్రి. ఎవరెవరు పోతున్నరో నాకు యాదికుండాలె గద."

ఆయన అరుగు మీదే కూర్చుని, కార్బను పెట్టి, పన్నెండు పేర్లూ నా చేతులతో మళ్లీ రాసిచ్చాను.

గ్రాంటు మంజూరైంది. శిక్షణ మొదలయ్యే రోజు పొద్దున తాండూరులో శాంతప్ప షెడ్డులో పన్నెండు సుత్తులు, పన్నెండు ఉలులు వరుసగా పెట్టి ఉన్నాయి. ఎవరూ రాలేదు. ధారూర్ వైపు నుంచి వచ్చే ప్యాసింజరు వచ్చి వెళ్లింది. చివరికి ఒకామె ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. జాబితాలో మొదటి పేరు ఎల్లయ్యది, ఆమె అతని భార్య సాయమ్మ. శాంతప్ప ఇంకా ఏమీ అడగకముందే ఆమె నా వైపు తిరిగింది.

"పటేలు మా పేర్లు వరుసగ సదివిండు సారు. మీరు రాసిచ్చిన కాగితంల ఉన్నట్టె. మొదాలు మా ఆయనను పిలిచిండు" అంది.

రెండు రోజుల కిందటే పటేల్ మనుషులు ఎల్లయ్య కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరగ్గొట్టారు. మిగతా పదకొండు మందినీ వరసలో నిలబెట్టి అది చూపించారు. తర్వాత అందరి చేతా ఒక కాగితం మీద వేలిముద్రలు వేయించారు. సాయమ్మ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. శాంతప్ప నావైపు చూడకుండా ఉలులన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు.

హైదరాబాదుకు తిరిగొచ్చేసరికి ఆ వేలిముద్రల కాగితం నా బల్ల మీద ఉంది. మా పేర్లు మాకు తెలియకుండా రాసుకున్నారు, మేమెవరం పని నేర్చుకుంటామని అడగలేదు అని పన్నెండు ముద్రలు. కింద పటేల్ ధ్రువీకరణ, అదే దస్తూరీ. నా నిబంధన ప్రకారం ఎక్కడా వేలు పెట్టడానికి సందులేని పత్రం. కార్యదర్శి అప్పటికే శాంతప్ప సంఘం ఫైలు మీద "దొంగ జాబితా, గ్రాంటు నిలుపుదల" అని రాశాడు. మనుషులను పట్టిచ్చిందీ నా నిబంధనే, వాళ్ల కోసం నిలబడ్డవాణ్ణి దొంగను చేసిందీ నా నిబంధనే.

కార్యదర్శికి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. బాధితుల వాంగ్మూలం తెండి, ఫైలు మళ్లీ తెరుస్తానన్నాడు.

మర్నాడే తాండూరు వెళ్లాను. ఎల్లయ్య, సాయమ్మ శాంతప్ప ఇంటి వెనక గదిలో తలదాచుకున్నారు. ఎల్లయ్య చేతికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. నేను కాగితం తీసి, సాయమ్మ చెప్పిందంతా రాసి, చదివి వినిపించాను. వేలిముద్ర వేయమని సిరా పెట్టె ముందుకు జరిపాను. ఆమె వేలు ముందుకు రాలేదు.

"గిది ఎవ్వరికి సూపిస్తరు సారు?" అంది.

కార్యదర్శికి అని చెప్పబోతుండగా నా నిబంధనే గుర్తొచ్చింది. చదువురానివాళ్ల వాంగ్మూలం చెల్లాలంటే వాళ్ల ఊరి పటేల్ ధ్రువీకరించాలి. అది కూడా నేను రాసిన నిబంధనలోనే రెండో పేరా. కాగితాన్ని ఆమె ముందే చింపేశాను.

తర్వాత నా పేరు మీదే వాంగ్మూలం రాసుకున్నాను. జాబితా అడిగింది నేను, మోసుకెళ్లింది నేను, నకలు రాసిచ్చింది నేను అని. ఎనిమిది నెలలకు శాంతప్ప సంఘం మీద ముద్ర తొలగించారు. తాండూరు చుట్టుపక్కల నుంచి వేరే మనుషులు వచ్చి పని నేర్చుకున్నారు. ఆ పన్నెండు మందిలో ఒక్కరూ రాలేదు. పటేల్ సంతకం నిబంధన మాత్రం మరి మూడేళ్లు ఉంది. తీసేయమని నేను రాసినప్పుడల్లా, అది ఎందుకు అవసరమో నేను మొదట రాసిన నోటునే నాకు తిరిగి పంపేవారు. ఎల్లయ్యకు శాంతప్ప షెడ్డులోనే కాపలా పని దొరికింది. అతని పిడికిలి మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. జాబితాలో ఉన్న పేరు నిజమో కాదో తేల్చే ముందు, ఆ కాగితం ఎవరెవరి చేతుల్లోంచి పోతుందో కనుక్కోండి. పటేళ్ల ఇళ్లలో పెరిగిన నాకు అది మొదటే తెలిసి ఉండాలి. తెలియనందుకు విరిగింది నా చెయ్యి కాదు.