రోలు ఆగిన చోట

మా పక్క పోర్షన్‌లో ఉండే తెలుగు అయ్యవారు పోయారు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. ఆయన భార్య కేక పెట్టలేదు. మా రెండిళ్ళకూ మధ్యనున్న గోడను అరచేత్తో తట్టింది. నేనూ మా ఆయనా వెళ్ళేసరికి కాళ్ళ దగ్గర కూర్చుని ఆయన పంచె అంచు సర్దుతోంది.

మదరాసు జార్జి టౌనులో తెలుగు బడికి వెళ్ళినవాళ్ళకు ఆయనను గురించి నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేను చెబుతుంటే ఆయన దగ్గర చదువుకున్న మా అమ్మాయి రాస్తోంది. నా ఈడ, ఆడలను దిద్ది మరీ రాస్తోంది. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే అయినా నన్ను వేసింది అరవ బడిలో. తెలుగు అక్షరం నాకు రాదు.

అయ్యవారికి పుస్తకాలంటే ఎంత పిచ్చో, ఇల్లన్నా అంత పిచ్చి. ట్రాములో చదువుకుంటూ బడికి వెళ్ళేవారు. ట్రాములు తీసేశాక, బస్సు కుదుపులకు అక్షరం నిలవడం లేదని విసుక్కునేవారు. పొద్దున్నే కూతురికి ఆయనే జడ వేసేవారు. జడ వేసినంతసేపూ ఆ పిల్ల పద్యం చెప్పాలి. తప్పు చెబితే అల్లింది విప్పేసి మళ్ళీ మొదటినుంచి. మా అమ్మాయి కూడా నేను వేసిన జడ విప్పుకుని పోయి ఆయన ముందు కూర్చునేది. నాకు ఒళ్ళు మండేది. ఈ మాట రాయనంటోంది. రాయాల్సిందేనన్నాను.

జడ సంగతి సరే, నా అసలు కడుపుమంట సాయంత్రాలది. వీధిలో చేతిబళ్ళ రొద తగ్గి దీపాలు పెట్టే వేళకు ఆయన వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని భార్యకు పుస్తకం చదివి వినిపించేవారు. ఆవిడ కూర తరుగుతూ వినేది. గోడకు ఇవతల నేను పిండి రుబ్బుతూ వినేదాన్ని. రాజులు, అడవులు, విడిపోయిన మొగుడూ పెళ్ళాలు, అంతా నాకు ఆ గోడలోంచే వచ్చింది. ఏ రోజైనా ఆయనకు జలుబు చేసి చదువు ఆగిపోతే నాకు అన్నం సహించేది కాదు. తర్వాత ఏమైందో అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చేది. ఆవిడ కోసం చదువుతున్నది నేను దొంగచాటుగా వింటున్నానాయె.

ఒక్కోచోట చదివిందే మళ్ళీ చదివేవారు, ఇంకా నెమ్మదిగా. అప్పుడు మరీ ఉడుక్కునేదాన్ని. ఆవిడ ముద్దుగా అడిగి ఉంటుంది, ఈయన మళ్ళీ చదివారు. ఏం పుణ్యం చేసుకుందో అనుకునేదాన్ని.

ఒకసారి మా ఆయన్ని పట్టుకున్నాను. పప్పుల మండీలో గుమస్తా ఆయన.

"ఆడ అయ్యవారు పెండ్లానికి ఎంత బాగా చదివి చెప్తా ఉండారో వినండి. మీరూ ఏదన్నా చదవకూడదా?"

"అదెంత పని, ఈడ కూచో" అని అరవ పేపరు తీసి మిరపకాయల ధర చదివారు. కందిపప్పు ధరకు వచ్చేసరికి గురక పెట్టారు.

అయ్యవారు బడిలో అనే మాటొకటి మా అమ్మాయి ఇంటికొచ్చి చెబుతుండేది. "నేను బాగా చెప్పినానా లేదా అని మీ నోళ్ళను అడగనురా. మీ కాళ్ళను చూస్తా. బెంచీ కింద కాళ్ళు ఆడకుంటే పాఠం కుదిరినట్టే." అది పిల్లల సంగతేననుకున్నాను.

కర్మలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయిన రోజు ఆవిడకు కాఫీ తీసుకుపోయాను. గ్లాసు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"నీ మీద నాకెంత కుళ్ళో నీకు తెలుసునా?"

"నా మీదా? ఏందక్కా ఆ మాట?"

"ఆమా, నీ మీదే. చదవతా చదవతా ఆపి ఆ గోడకి చెవి పెట్టేవారు. 'రోలు ఆగిందే! ఆ పిల్లకి ఈ చోటు నచ్చినట్టుండాది' అని అదే మళ్ళీ చదివేవారు. నాకోసం ఏ పొద్దన్నా ఒక ముక్క రెండోసారి చదివినారా? నేనూ కత్తిపీట ఆపి చూసినా. ఆయన చెవి మాత్రం గోడకాడే."

మంచి చోటు వస్తే నా చెయ్యి దానంతటదే ఆగేది, నిజమే. అది గోడ దాటి వినబడుతుందని నాకేం తెలుసు? ఎవరికో వడ్డించారని ఇన్నేళ్ళూ ఏడ్చిన విస్తరి నా ముందు వేసిందేనట. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, ఇద్దరం ఏడ్చాం. ఆ ఏడుపులోనూ నాకు కాస్త గర్వంగానే ఉంది, ఉన్నమాట చెప్పాలి.

ఆ సాయంత్రం దీపం పెట్టి రోలు ముందు కూర్చున్నాను. కాసేపు రుబ్బాక చూపు గోడ మీదికి పోయి, అలవాటుగా చెయ్యి ఆగిపోయింది.

అవతలినుంచి ఆవిడ గొంతు వినబడింది.

"ఆపబాక తల్లీ. నువ్వాపితే ఆయన మళ్ళీ చదవతారని నా చెవి కాసుకోనుండాది."

పిండి ఎప్పుడో మెత్తబడింది. అయినా పొత్రం తిప్పుతూనే ఉన్నాను.