ఇస్త్రీ చేసిన తల

కరువు కాలంలో ఒక మనిషి కదిరి నడిబొడ్డున నిలబడి వానను ఆగిపొమ్మని వేడుకొన్నాడంటే మీరు నమ్మరు. నమ్మండి. ఆ ప్రబుద్ధుణ్ణి నేనే.

డెబ్బయ్యవ దశకం చివర అక్కడి ఒక కళాశాలలో నేను తాత్కాలిక అధ్యాపకుణ్ణి. నాయన వేసిన వేరుశనగ చేలోనే మాడిపోయింది. ఇల్లు నా జీతం మీద నడుస్తున్నది. నా ప్రసంగం విన్నాక ఉద్యోగం ఖాయం చేసేదీ మానేదీ తేలుస్తామన్నారు ప్రిన్సిపాల్ గారు. విషయం: ప్రోటీన్ల ఆకృతి.

క్రమశిక్షణ నాకు ప్రాణం. నా జుట్టుకు మాత్రం ఆ సంగతి తెలియదు. గొర్రెపిల్ల నెత్తికెక్కి ముడుచుకొని పడుకొన్నట్టుండేది. విద్యార్థులు చాటుగా ‘గొర్రె సారు’ అనేవారు. గొర్రె చెప్పే పాఠానికి గౌరవమెక్కడిది?

ఉపాయం నా ప్రసంగంలోనే దొరికింది. వెంట్రుకా ప్రోటీనే. పొడవైన గొలుసు తనంతట తానే మెలికలు తిరిగి ఒక రూపం పొందుతుంది. ఆ రూపాన్ని పట్టి ఉంచే బంధాల్లో కొన్ని బలహీనమైనవి, కొన్ని దృఢమైనవి. తడిపి, వేడిచేసి సాగదీస్తే బలహీనమైనవి వీడి, ఆరాక కొత్త చోట ముడిపడతాయి. వెంట్రుక నిటారుగా నిలుస్తుంది. మళ్ళీ తడిస్తే మాత్రం దృఢబంధాలు దానిని పాత రూపానికే లాగేస్తాయి.

తడవడమా? కదిరిలోనా? నిశ్చింతగా నవ్వుకొన్నాను.

తల తడుపుకొని, బల్లకు ఆనించి, బొగ్గుల ఇస్త్రీపెట్టె అక్క చేతికిచ్చాను.

“ఏమప్పా, తలకాయంటే చొక్కా అనుకున్యావా?”

“మాట్లాడకుండా రుద్దక్కా. ఇది శాస్త్రం.”

“నీ శాస్త్రం కమురు వాసన కొడతాండాది!”

“కొట్టనీ... అబ్బా! చెవి, అక్కా, చెవి!”

“చెవి గూడా ప్రోటీనేనా?”

వాకిట్లోంచి నాయన గొణిగాడు: “ఆ బొగ్గులుంటే ఒక పూట సంగటి ఉడికేది.”

మరునాడు ప్రసంగం దివ్యంగా సాగింది. నా జుట్టు కొత్త తారు రోడ్డులా నున్నగా ఉంది. ప్రిన్సిపాల్ గారు తల ఊపుతున్నారు. “నీటి స్పర్శ చేత...” అంటుండగా పైన రేకులు టపటపమన్నాయి.

“వానప్పా, వాన!”

హాలు ఖాళీ అయింది. రైతుబిడ్డ అయిన ప్రిన్సిపాల్ గారు కుర్చీ తన్నుకొంటూ లేచి నా చేయి పట్టుకొన్నారు.

“రాప్పా బయటికి!”

“నేనీడనే ఉంటాను సార్.”

“వాన పడతాంటే లోపల కూర్చునేవాడూ మనిషేనా!”

బయట అందరూ ముఖాలు ఆకాశానికెత్తి నిలబడ్డారు. నేనొక్కణ్ణే రెండు చేతులతో తల కప్పుకొని, “ఆగిపో తల్లీ, ఆగిపో!” అని బిగ్గరగా మొరపెట్టుకొన్నాను. వేళ్ళ సందుల్లోంచి రింగులు ఒక్కొక్కటే లేచాయి.

“రేయ్, సారు తల మొలకెత్తతాండాది చూడండ్రా!”

ప్రిన్సిపాల్ గారు నా తలను పరిశీలనగా చూశారు. “నువ్వు చెప్తాండింది ఇదేనా?”

“ఇదే సార్. పాత రూపం.”

“బాగా అర్థమైందిలే. నీ ఉద్యోగం ఖాయం.”

అంతలోనే వాన ఆగిపోయింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నాయన చేను చూసి వచ్చి కూర్చొని ఉన్నాడు. చేలో మట్టికి పైన తడి, వేలు గుచ్చితే దుమ్ము.

“వానను ఆగిపొమ్మన్యావంటనే?”

జీవితంలో నా మొర ఆలకించబడినది ఆ ఒక్కసారే.

అందుచేత నాయన ఎదుట, అక్క సాక్షిగా, ఇస్త్రీపెట్టె ముట్టుకొని ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట తలకు ఇస్త్రీ చేయించను, వాన కురిస్తే తల కప్పుకోను. మొదటి సగం తేలికగా నిలబెట్టుకొన్నాను. రెండవ సగం నిలబెట్టుకొనే అవకాశం ఆ ఏడు మళ్ళీ రాలేదు.