దొరబాబు తడి చొక్కా

లాండ్రీలో అందరూ అతన్ని దొరబాబు అనేవారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అతని ఒంటికి చెమట పట్టలేదు మరి. హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆ గదిలో ఉక్కకు గోడలు కూడా చెమ్మగిల్లేవి. దొరబాబు చొక్కా మాత్రం అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు పొడిగా ఉండేది. వేడి ముదిరితే మొహం ఎర్రబడి, తల దిమ్మెక్కి, కళ్ళు తిరిగేవి. అదో జబ్బని అతనికి తెలియదు. తన ఒంటి తీరే అంత అనుకున్నాడు.

మేస్త్రీకీ తెలియదు. ఆయనగారికి పని కొలిచే పద్ధతి ఒకటుంది: బల్లల మధ్య నడుస్తూ వీపులు చూడటం. వీపు తడిస్తే పనిమంతుడు, తడవకపోతే పనిదొంగ. ఇస్త్రీ చేసిన దుప్పటి ఎలా ఉందో చూసే తీరిక ఆ మహానుభావుడికి ఎన్నడూ దొరకలేదు.

"నెలాఖరు దాకా చూస్తా. ఒళ్ళు వంచకపోతే ఇంకో చోటు చూసుకో," అన్నాడు ఒకరోజు.

సంగతి విన్న దొరబాబు భార్య, "దానికింత బెంగెందుకు? మధ్యమధ్యలో పంపు కింద వీపు తడుపుకుని పోండి. ఆయనకు కావాల్సింది తడేగా!" అంది.

దొరబాబు అలాగే చేశాడు. మేస్త్రీ మురిసిపోయి, "చూశారా, ఎలా దారిలో పెట్టానో!" అని అందరికీ చెప్పుకున్నాడు. విచిత్రమేమిటంటే, దొరబాబుకు కళ్ళు తిరగడం కూడా తగ్గింది. మెప్పు ఒంటికి పడిందనుకున్నాడు పాపం.

మెచ్చిన మేస్త్రీ ఊరుకుంటాడా? బాయిలరు పక్కనున్న పెద్ద యంత్రం మీదికి మార్చి గౌరవించాడు. అక్కడినుంచి పంపు దూరం. మధ్యాహ్నానికల్లా దొరబాబు దుప్పట్ల మీద కుప్పకూలాడు.

ఆస్పత్రికి చేర్చేసరికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. "ఇతనికి చెమట పట్టదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పట్టకపోవడమేంటమ్మా! మా దగ్గర ఇతనంత చెమట కార్చేవాడు లేడు. నా కళ్ళతో చూశాను," అన్నాడు మేస్త్రీ.

కబురు తెలిసి పరుగెత్తుకొచ్చిన దొరబాబు భార్య ఆ మాట వింది. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మనిషే పోయేలా ఉన్నాడు.

"అవి పంపు నీళ్ళమ్మా," అని ఏడ్చేసింది. "నేనే తడుపుకోమన్నాను. ఈయనకు చెమటే పట్టదు."

డాక్టరమ్మ వెంటనే ఒంటినిండా తడిగుడ్డలు కప్పించి, మంచం ఫ్యాను కిందికి లాగించింది. ఒంటి వేడి కాస్త తగ్గాక మేస్త్రీ వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఆ నీళ్ళే కాపాడాయి. ఇకముందు కూడా చొక్కా తడుపుకుంటూనే పని చెయ్యాలి," అంది.

మేస్త్రీ మొహం మాడిపోయింది. మనిషి బతికాడన్న సంతోషం కన్నా తన కన్ను మోసపోయిందన్న బాధే ఆయనకు ఎక్కువైంది. అయినా డాక్టరమ్మ మాట కాదనలేక పంపు పక్కనే బల్ల ఇచ్చాడు.

దొరబాబు మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు మేస్త్రీ అలవాటుగా వచ్చి వెనక నిలబడ్డాడు. ఇక వీపు చూసి లాభం లేదు. ఎటు చూడాలో తోచక, చివరికి దుప్పటి చూశాడు.

"ఏమయ్యా, ఈ అంచు ముడత ఎవడు తీస్తాడు? ఇదేం ఇస్త్రీ?" అని కేకలేశాడు.

సాయంత్రం దొరబాబు చెప్పులైనా విడవకుండా ఇంట్లోకి వచ్చి, "ఇవాళ మేస్త్రీ నన్ను తిట్టాడే!" అన్నాడు.

"అయ్యో, మళ్ళీ దేనికి?"

"ఇస్త్రీకి!" అన్నాడు, ఆనందం పట్టలేక.