గొళ్లెం ఉన్న గది

నాకు కూర్చోవడం చేతకాదు. బడిలో పనిచేసినన్నాళ్లూ బెంచీల మధ్య తిరుగుతూనే పాఠం చెప్పాను. రిటైరై కోదాడలో ఇంటి పట్టున ఉండటం మొదలుపెట్టాక ఆ తిరుగుడు వంటింటికీ వాకిలికీ మధ్య మిగిలింది. మా ఆయన పేపరు కిందికి దించి, "కాలుగాలిన పిల్లిలాగా ఏందే ఆ తిరుగుడు? ఎక్కడికన్నా పోయి రారాదూ" అనేవారు. ఆయన సరదాకే అన్నారు. కొద్ది రోజులకే సూర్యాపేట కలెక్టరేటు నుంచి ఫోన్ వచ్చింది.

పనిచేసే చోట ఆడవాళ్లను వేధిస్తే విచారించడానికి జిల్లాకో కమిటీ ఉంటుందట. అందులో నన్ను సభ్యురాలిగా వేశారట. పెద్ద ఆఫీసులకైతే వాళ్ల కమిటీ వాళ్లకే ఉంటుంది. చిన్న దుకాణాల్లో, మిల్లుల్లో, ఇళ్లలో పనిచేసేవాళ్లకూ, యజమాని మీదే ఫిర్యాదు చేయాల్సి వచ్చినవాళ్లకూ ఈ జిల్లా కమిటీయే దిక్కు. ఇన్నేళ్లు సర్కారు జీతం తిన్న నాకే అలాంటిదొకటి ఉందని తెలియదు. ఇక కూలి చేసుకునే ఆడమనిషికి ఏం తెలుస్తుంది? ఫోన్ పెట్టేసరికే నాకు కోపం వచ్చేసింది. నాకు ఏదైనా ముందు కోపంగానే వస్తుంది, ఆలోచన ఆ తర్వాత.

మొదటి సమావేశానికి బస్సెక్కాను. మునగాల దాటేదాకా రెండు పక్కలా కోతకొచ్చిన వరి. కలెక్టరేటు గేటు దగ్గర కాపలా అతన్ని కమిటీ ఎక్కడని అడిగితే "ఏ కమిటీ మేడం?" అన్నాడు. చెప్పాను. "అసుంటిది ఈడ లేదు" అన్నాడు. లోపల ఇంకో ఇద్దర్ని అడిగాను. వాళ్లకూ తెలియదు. చివరికి మీటింగు హాలొకటి ఖాళీగా ఉంటే అందులో కూర్చుని ఉన్నారు మా అధ్యక్షురాలు, కమిటీలో సర్కారు తరఫున ఉండే మా అధికారి. ఆమె కోర్టులో తల నెరిసిన వకీలు, తక్కువ మాట్లాడుతుంది. ఆయన మంచివాడే, కానీ ఫైలు మూసేటప్పుడు తప్ప మొహంలో సంతోషం కనపడదు.

"ఫిర్యాదులేమీ లేవు మేడం, మన జిల్లా బాగుంది" అన్నాడాయన. చాయ్ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, సంతకాలు పెట్టాం.

"మన గది ఏది? బోర్డేది?" అన్నాను.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మేడం మీరనేది. ఫిర్యాదే లేనిది గదెందుకు, బోర్డెందుకు?"

"ఎక్కడుందో తెలియని ఆఫీసుకు ఫిర్యాదు గాల్లో ఎగిరొస్తుందా?" అన్నాను. వకీలమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. గది మాత్రం రాలేదు.

ఫిర్యాదు మన దగ్గరికి రాకపోతే మనమే పోవాలి అనుకున్నాను. మరుసటి వారం నుంచి మా కోదాడ వ్యవసాయ మార్కెట్‌కు పోవడం మొదలుపెట్టాను. వడ్లు ముమ్మరంగా వచ్చే కాలం. షెడ్ల కింద కుప్పలు, కాంటాలు, బస్తాలు మోసే హమాలీలు, వీటన్నిటి మధ్య చీపురూ చాటా పట్టుకుని తిరిగే ఆడవాళ్లు. అక్కడి పద్ధతి నాకు అప్పుడే తెలిసింది. వీళ్లకు కూలి లేదు. కాంటా అయ్యాక నేల మీద మిగిలిన గింజలను ఊడ్చి, చెరిగి, మూట కట్టుకోవడమే వీళ్ల కూలి. ఆ గింజల కోసం కమీషన్ దుకాణం ముందు నేల ఊడుస్తారు, లోపల నీళ్లు పడతారు, దుకాణం యజమాని సేటు చాయ్ గ్లాసులు కడుగుతారు. ఒక్కో దుకాణం ముందు ఒక్కొక్కరి జాగా. తల్లి జాగా కూతురికి వస్తుంది. ఒకరి జాగాలో ఇంకొకరు చీపురు పెట్టరు.

నేను షెడ్డు షెడ్డుకూ పోయి, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే, తప్పుడు మాట అంటే ఊరుకోవద్దని, మేమున్నామని చెప్పాను. అందరూ బుద్ధిగా తల ఊపారు. నేను వెనక్కి తిరగ్గానే నవ్వుకున్నారని కూడా తెలుసు. ఒకామె మాత్రం గేటు దాకా నా వెంట వచ్చింది. ముప్పై దాటిన మనిషి, కొంగు నడుముకు బిగించి దోపుకుంది. ఆమె పుట్టింటివాళ్లు మునగాల దిక్కు గొర్లు కాస్తారట.

"టీచరమ్మా, మీరు చెప్పేది నిజమేనా? మీరు పిలిస్తె సేటు వస్తడా?"

"రావాల్సిందే. ఏమైందమ్మా?"

"గుమాస్తా మంచోడు కాదు." ఆగింది. చుట్టూ చూసింది. "ఇగ గీడ చెప్పలేను. కాదన్నందుకు సేటుకు ఏం నూరిపోసిండో, రేపటి సంది నా దుకాణం ముంగటికి రాకు అన్నడు సేటు. గది మా అమ్మ ఊడ్సిన జాగ. నా జాగ నాకు కావాలె. వాడు ఏం చేసిండో నలుగురికి తెల్వాలె. గీ రెండే."

ఫిర్యాదు ఆమె చెప్పినంతవరకు రాసుకున్నాం, ఆమె వేలిముద్ర వేసింది. గుమాస్తా చేసిందేమిటో విచారణలో చెబుతానంది. మా అధికారి ఫైలు అటూ ఇటూ తిప్పి, "ఆమె ఉద్యోగి కాదు కదా మేడం" అన్నాడు. "జీతం లేదు, ఎక్కడా పేరు లేదు. అలాంటప్పుడు సేటు యజమాని ఎట్లా అవుతాడు?"

"జీతం లేకుండా పనిచేసినా పనే అని చట్టం చెబుతోంది" అంది వకీలమ్మ. "కాకపోతే ఆమె అతని చేతి కింద పనిచేస్తోందని తేలాలి."

ఈ తర్జనభర్జన సాగుతుండగానే ఆమె మార్కెట్లో కనిపించడం మానేసింది. కడుపు ఆగదు కదా, మిర్యాలగూడలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోయి రైస్‌మిల్లులో పనికి కుదిరింది. ఆ మాట వినగానే మా అధికారి ముఖం విప్పారింది. "ఇప్పుడామె వేరే జిల్లాలో ఉంది. అక్కడివాళ్లు చూసుకుంటారేమో!"

ఆయన మీద అరవకుండా ఉండటానికి బస్టాండు దాకా నడిచాను. మర్నాడు కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికినా నిమ్మళంగా కూర్చోలేదు. ప్రతి స్టేజీ దగ్గరా లేచి నిలబడితే కండక్టరు, "దిగుతరా అమ్మా, ఉంటరా? ఏదో ఒకటి చెప్పుండ్రి" అన్నాడు.

చెల్లెలిది మిల్లు వెనక ఒక్క కిరాయి గది. అక్క జుట్టు నిండా తవుడు. విచారణ తేదీ పెట్టారు, రమ్మన్నాను. చెల్లెలు అడ్డం వచ్చింది. "వద్దక్కా. ఉన్న ఇజ్జత్ కూడ పోతది. గాడ నలుగుట్ల నిలవడి ఏం చెప్తవ్?"

ఆమె నన్నే చూసింది. "వస్తె నా జాగ నాకు వస్తదా టీచరమ్మా?"

"వస్తుందని చెప్పలేను బిడ్డా. రాకపోతే మాత్రం రాదు."

"నలుగుట్ల నిలవెట్టరు కదా?"

"గదిలోనే. మేం ముగ్గురమే ఉంటాం" అన్నాను. అలా మాటిచ్చేశాను.

విచారణ రోజు అదే మీటింగు హాలు దొరికింది. ముందు సేటును పిలిచాం. గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చాడు. "ఆమెకు నేను జీతమిచ్చిన్నా? నా రిజిస్టర్ల పేరున్నదా? ఎవరో ఊడుస్తరు, ఎవరో పోతరు, నాకేం సమ్మంధం?" అని మర్యాదగానే చెప్పాడు. ఎవరో నేర్పించి పంపినట్టున్నారు. మా అధికారి తల ఊపాడు. వాళ్లను బయటికి పంపి ఆమెను పిలిచాం. కుర్చీ అంచు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది.

"ఆ దినం బస్తాలు లారీకెక్కినయ్. అందరు తినపోయిన్రు. నేను షెడ్డు ఎనుక చెరుగుతున్న. గుమాస్తా వచ్చి..."

తలుపు ధడాలున తెరుచుకుంది. ఎవరో అటెండరు. "సార్, ఇక్కడ రివ్యూ మీటింగుంది, జర ఖాళీ చెయ్యాలె." అతని వెనకే ఫైళ్లు పట్టుకున్నవాళ్లు లోపలికి వచ్చేశారు. మేం లేచాం. ఆమె కూడా లేచింది. నోట్లో మాట నోట్లోనే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేనిచ్చిన మాట అంతసేపే నిలబడింది.

వరండాలో సేటు, గుమాస్తా, వాళ్లతో వచ్చిన మార్కెట్ మనుషులు, ఏవో పనుల మీద వచ్చిన జనం. ఆమె గోడకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "విచారణ ఆగదు, వాయిదా పడుతుంది" అని వకీలమ్మ చెబుతూ ఉంది. సేటుకు చుట్టూ జనం కనపడేసరికి లోపల అణుచుకున్నదంతా పైకి లేచింది. ఊళ్లో ఇంత పేరున్నవాణ్ని చీపురు పట్టేదాని కోసం ఇంతదూరం రప్పిస్తారా అని రోషం వచ్చింది.

"ఏం పంచాయితీ అమ్మా ఇది? నా దుకాణం ముంగట నేను రమ్మంటె వచ్చుడు, పొమ్మంటె పోవుడు. గీమెనే కాదు, ఎవ్వరైనా గంతే! నీళ్లు పట్టమంటె పట్టాలె, ఊడ్వమంటె ఊడ్వాలె. నేను పొమ్మన్న, పోయింది. ఖతం! నడుమ మీరెవరు?"

గుమాస్తా సేటు మోచెయ్యి పట్టి లాగాడు. సేటు విదిలించుకున్నాడు.

వకీలమ్మ చాలా నెమ్మదిగా అడిగింది. "సేటు గారూ, ఆమె మీ మాట ప్రకారమే పనిచేస్తుందా?"

"మరెవ్వరి మాటతోని చేస్తది?"

"మీరే తీసేశారా?"

"నేనే తీసేసిన! నేను గాక ఇంకెవరికి దమ్మున్నది గాడ?"

వకీలమ్మ అక్కడే, కిటికీ అంచు మీద కాగితం పెట్టుకుని రాసుకుంది. మా అధికారి ఆ రాత చూసి, సేటు వైపు చూసి, మొదటిసారి ఫైలు మూయకుండానే నవ్వాడు. ఎవరి చేతి కింద పనో, ఎవరు యజమానో సేటే నలుగురి ముందూ తేల్చేశాడు.

విచారణ పూర్తయ్యేదాకా ఆమెను తన జాగాలో ఊడ్చనివ్వాలని, గుమాస్తాను ఆ షెడ్డు వైపు పోనివ్వకూడదని సిఫారసు చేశాం. సేటు గొణుక్కున్నాడు కానీ కాదనలేదు. ఇల్లలకగానే పండగ కాదని నాకు తెలుసు. అయినా ఆమె మళ్లీ చీపురు పట్టిన రోజు మార్కెట్‌కు పోయాను, చూసి సంతోషపడదామని. ఆమె ఊడుస్తూనే ఉంది. దుకాణం గడప మీద గుమాస్తా నిలబడి ఉన్నాడు, షెడ్డులో కాలు పెట్టకుండా.

"జాగ వచ్చింది టీచరమ్మా. ఆ మాట చెప్పుడే మిగిలింది." చాట కింద పెట్టింది. "వాడు ఏమంటున్నడో ఎరికేనా? చెప్పెతందుకు ఏం లేకనే నోరు మూసుకున్నదట. మిగిలినోళ్లు తలా ఒకటి అల్లుతున్నరు. నేను చెప్పనే లేదు, అప్పుడే నా కథ మార్కెట్ అంత తిరుగుతున్నది."

నాకు ఆ రోజు అన్నం సయించలేదు. గది, గది అని పోరితే అందరికీ అదొక ముసలి టీచరు చాదస్తంలా కనపడింది. కమిటీ అంటే కాగితం మీద పేర్లు కాదు. ఒక తలుపు. ఆ తలుపు వేసుకునే హక్కు. అది లేకపోతే చట్టం ఎంత గట్టిదైనా వరండాలో నిలబడాల్సిందే.

తర్వాత ఎన్ని కుర్చీల ముందు నిలబడ్డానో నాకే గుర్తులేదు. ఒకరు వినతిపత్రం ఇమ్మన్నారు, ఒకరు ఇచ్చింది కనపడటం లేదన్నారు, ఒకరు కొత్త బిల్డింగు కట్టాక చూద్దామన్నారు. విచిత్రమేమిటంటే ఈసారి మా అధికారి నా వెంట తిరిగాడు. ఆ రోజు మమ్మల్ని లేపిన తీరు ఆయనకూ గుచ్చుకున్నట్టుంది. చివరికి కింది అంతస్తులో విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటి ఇచ్చారు. ఊడ్చి, కడిగి, బోర్డు తగిలించాం. కాపలా అతన్ని పిలిచి బోర్డు పైకి చదివించాను. చదివాడు, "ఇగ మర్సిపోను మేడం" అన్నాడు.

తలుపుకు గొళ్లెం లేదు. దానికోసం మళ్లీ కాగితం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. కోదాడలో ఇనుప సామాన్ల దుకాణంలో గొళ్లెం కొనుక్కుని సంచిలో వేసుకుంటుంటే మా ఆయన, "ఉద్యోగంలో ఉన్నప్పుడు సొంత డబ్బుతో చాక్‌పీసులు, ఇప్పుడు గొళ్లేలు. సర్కారుకు నువ్వు మంచి కోడలివి" అన్నారు. సూర్యాపేటలో వడ్రంగిని పిలిచి దగ్గరుండి బిగించాను.

మళ్లీ విచారణ పెట్టిన రోజు ఆమె వచ్చింది. ముందు బోర్డు కింద ఆగింది, తర్వాత లోపలికొచ్చి నాలుగు మూలలూ చూసింది. వకీలమ్మ, నేను, గోడవారగా మా అధికారి. "సారు ఉన్నా పర్వాలేదా?" అని వకీలమ్మ అడిగితే ఆయన ఆమె జవాబు కోసం ఆగకుండా తానే లేచి బయటికి పోయాడు. ఆమె తలుపు దగ్గరికి పోయి గొళ్లెం పెట్టింది. తీసి మళ్లీ పెట్టింది. చేత్తో లాగి చూసింది.

"మళ్ల లేవమనరు కదా?"

"అనరు" అన్నాను. ఈసారి ఆ మాట నాకు భయం లేకుండా వచ్చింది.

కూర్చుంది. మొదటిసారి కుర్చీ నిండా కూర్చుంది. "ఆ దినం బస్తాలు లారీకెక్కినయ్" అని అక్కడి నుంచే మొదలుపెట్టింది. సగం దాకా వచ్చిందో లేదో ఎవరో తలుపు నెట్టారు. గొళ్లెం కటకటలాడింది. ఆమె మాట ఆగిపోయింది. నా వైపు చూసింది. బయట మా అధికారి గొంతు వినపడింది. "లోపల విచారణ జరుగుతోంది. ఎవరైనా సరే, ఆగాలి."

అడుగుల చప్పుడు దూరమైంది.

"చెప్పు బిడ్డా" అన్నాను.

చెప్పింది. అంతా చెప్పింది. ఆమె చెప్పడం అయ్యేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.