మిరపయార్డులో తుమ్ములు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, యార్డుకు కొత్త మిరప రావడం మొదలైన రోజుల్లో, నాకు ఒక అదనపు బాధ్యత అప్పగించారు. అప్పుడు నేను చిలకలూరిపేట వైపు ఒక ఏరియా ఆసుపత్రిలో దంతవైద్యురాలిని. హోదా సివిల్ సర్జన్. ఆసుపత్రికి పొగాకు మాన్పించే క్లినిక్ ఒకటి మంజూరైంది. పొగాకు చేసే చెరుపు ముందు నోట్లోనే కనబడుతుంది కనుక పళ్ల డాక్టరే చూడాలని సూపరింటెండెంటుగారు తేల్చారు. ఎక్స్‌రే గది పక్కన ఒక గది, ఒక కౌన్సెలరు, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడు ఎంతుందో చూపే చిన్న మీటరు ఇచ్చారు.

బోర్డు మీద 'పొగాకు విముక్తి కేంద్రం' అని ఉండాలి. పెయింటరు 'పొగాకు' అన్న మాటను మూరెడు, తక్కిన రెండు మాటల్నీ బెత్తెడు రాశాడు. మొదటి వారంలోనే ప్రకాశం వైపు నుంచి ఒక రైతు కట్టెడు పొగాకు చంకలో పెట్టుకుని వచ్చి, గ్రేడు చూసి చెప్పమన్నాడు. ఇక్కడ కొనరు, మాన్పిస్తారని చెప్పాం. "అందరూ మానేస్తే మేం పండించింది ఎవరికమ్మా?" అని అడిగాడు.

వెంకటేశ్వర్లుగారు వచ్చింది ఆ నెలలోనే. గుంటూరు మిరపయార్డులో కమీషన్ వ్యాపారి, అరవైకి దగ్గరపడ్డ మనిషి. గజ్జల్లో హెర్నియా దిగింది. ఆపరేషన్ చేయాలి, కానీ ఆయన దగ్గితే కిటికీ రెక్కలు కదిలేవి. ఆ దగ్గుతో కుట్లు నిలవవు, ముందు సిగరెట్ మాన్పించి పంపండని మా జనరల్ సర్జన్ చీటీ రాశాడు. ఆలస్యమైతే పేగు ఇరుక్కునే ప్రమాదం ఉందని కూడా రాశాడు. ఆయన వెంట భార్య శేషారత్నంగారు వచ్చారు.

మా పద్ధతిలో మొదటి ప్రశ్న, నిద్రలేచిన ఎంతసేపటికి తొలి సిగరెట్ అని. నికోటిన్ మనిషిని ఎంత గట్టిగా పట్టుకుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

"లేచాక కాదండీ. అది కాలిస్తేనే లేస్తాను," అన్నారాయన.

మీటరులో ఊదించాం. అంకె చాలా ఎక్కువ వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. తమ బావమరిది ఊదితే ఇందులో సగం కూడా రాదని చెప్పారు. ఇది తక్కువ రావలసిన పరీక్ష అని కౌన్సెలరు నచ్చజెప్పవలసి వచ్చింది.

తరువాతిది మానే తేదీ. దాన్ని రోగి చేతే పెట్టించాలన్నది నియమం. శేషారత్నంగారు సంచిలోంచి పంచాంగం తీసి, మూఢం నడుస్తోంది, మంచిపని ఏదీ మొదలుపెట్టకూడదన్నారు. ఇది మొదలుపెట్టడం కాదు, ఆపడం. దానికి మూఢం అడ్డురాదన్నాను. ఆవిడ "అదీ నిజమేనండీ," అని పంచాంగం మూసేశారు. సోమవారం ఖాయమైంది.

నికోటిన్ పట్టీ, నికోటిన్ చూయింగ్ గమ్ రెండూ ఇచ్చాం. సిగరెట్ లేని లోటును ఇవి కొద్దికొద్దిగా తీరుస్తూ, శరీరాన్ని మెల్లగా మాన్పిస్తాయి. పట్టీ జబ్బకో ఛాతీకో వేయాలి. వారం తరవాత చూద్దును కదా, ఆయన దాన్ని సరిగ్గా హెర్నియా మీద వేసుకున్నారు.

"నొప్పున్నచోటే కదండీ పట్టీ వేసేది!" అన్నారు.

గమ్ సంగతి ఇంకోరకం. దాన్ని కసకసా నమిలి ఆ రసం మింగేస్తున్నారు. దాంతో ఎక్కిళ్లు. యార్డులో రైతుకు ధర చెప్పేటప్పుడు మధ్యలో ఎక్కిలి పడితే, ఏదో దాస్తున్నాడని రైతు బస్తాలు పక్క కొట్టుకు మోయించుకుపోతున్నాడట. నాలుగు నములు నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గన పెట్టి ఊరుకోవాలని చూపించాను. "ఓస్, మా అమ్మ పొగాకు కాడ పెట్టుకున్నట్టేగా," అన్నారాయన. ఆ రోజునుంచి ఎక్కిళ్లు లేవు.

కొన్ని వారాలకు దగ్గు తగ్గింది. మీటరులో అంకె పడిపోయింది. సర్జన్ ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెంకటేశ్వర్లుగారు కళ్లు ఎర్రగా, ముక్కు కందిపోయి, హెర్నియాను చేత్తో అదిమిపట్టుకుని నా గదిలోకి వచ్చారు.

"ఏం చేశారండీ నన్ను? ముప్ఫయ్యేళ్లుగా మిరపకాయల్లో బతుకుతున్నా. ఒక్క తుమ్ము ఎరగను. ఇప్పుడు యార్డు గేటు దాటితే చాలు, ఆగదు. నిన్న నా కొట్టు ముందు హమాలీలు నవ్వారు!"

జరిగింది అర్థమైంది. పొగ మానాక వాసన తెలియడం, గొంతు ముక్కు స్పందించడం మళ్లీ మొదలవుతాయి. మామూలుగా దాన్ని లాభం కింద చెబుతాం. ఈయనకు అది నేరుగా మిరప ఘాటులోకి తిరిగివచ్చింది. సర్జన్‌ను పిలిపించాను. దగ్గైనా తుమ్మైనా కుట్లకు ఒకటేనన్నాడతను.

"అయితే రేపటినుంచి మళ్లీ కాలుస్తా. వ్యాపారమైనా నిలుస్తుంది," అన్నారు వెంకటేశ్వర్లుగారు, ఆ మాట మధ్యలోనే రెండుసార్లు తుమ్మి.

వెంట వచ్చిన శేషారత్నంగారు అందుకున్నారు: "యార్డులో అందరూ మూతికి గుడ్డ కట్టుకునే తిరుగుతారు. ఈయనొక్కరే, మగాడికి గుడ్డేంటని ఎగతాళి చేసేవారు. ఇప్పుడు కట్టుకోమంటే పరువట," అని ఆయన వైపు తిరిగారు. "మీరు ఇంట్లో కూచోండి, కొట్టు నేను చూస్తా."

ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మర్నాడే మూతికి తువ్వాలు చుట్టుకుని కొట్లో కూర్చున్నారు. ఆవిడ పుట్టిల్లు మిరప రైతులదే. కాయ చేతిలోకి తీసుకుని విరిస్తే తేమ ఎంతుందో చెప్పగలరు. ఘాటుకు దూరంగా ఇంట్లో ఉన్న వెంకటేశ్వర్లుగారికి తుమ్ములు ఆగాయి. ఆపరేషన్ సవ్యంగా జరిగింది. కుట్లు నిలిచాయి.

కుట్లు విప్పిన తరువాత శేషారత్నంగారు ఒక్కరే వచ్చారు. కూర్చోలేదు.

"డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి. రోజుకొక్కటైనా కాల్చుకోమని ఆయనకు చెబుతారా?"

కారణం అడిగాను. పెళ్లైన దగ్గర్నుంచి ఆయన ఏది పెడితే అది మాట్లాడకుండా తిన్నారట. ఇప్పుడు నాలుకకు రుచి వచ్చింది. పప్పులో ఇంగువ మాడిందంటారు, గోంగూర పాతదంటారు, చారు కాచిన గిన్నె సరిగ్గా కడగలేదని వాసన చూసి చెబుతారు.

"ఇన్నేళ్లూ నా వంట బాగుందనుకున్నా," అన్నారావిడ. "ఆయనకు తెలియలేదంతే."

ఒక్కటీ కుదరదని చెప్పాను. మానినవాడు ఒక్కటి ముట్టిస్తే పాత లెక్కకు చేరడం మా వృత్తిలో రోజూ చూసేదే. మరేం చేయమంటారని అడిగారు. ఆయన ఇంట్లోనే ఉన్నారు, ముక్కూ నాలుకా రెండూ పనిచేస్తున్నాయి, ఆయన్నే వండమనండి అన్నాను. ఆవిడ నా వైపు చూసి, వెళ్లిపోయారు.

తరువాతి పరీక్షకు వెంకటేశ్వర్లుగారు మీటరులో ఊదారు. దాదాపు సున్నా. వేళ్ల మీద పాత పసుపు మరక పోయి కత్తిగాట్లు కనబడ్డాయి. వంకాయలు తరగడం అనుకున్నంత తేలిక కాదని ఆయనే చెప్పారు. కొట్టు మాత్రం ఆవిడ తిరిగి ఇవ్వలేదు.

రిటైరయ్యేదాకా ఆ క్లినిక్ నాదే. వెంకటేశ్వర్లుగారి తరవాత ప్రతి రోగినీ, తొలి సిగరెట్ ఎప్పుడన్న ప్రశ్నకు ముందే, ఏం పనిచేస్తావు, ఇంట్లో వంట ఎవరిది అని అడిగేదాన్ని. సిగరెట్ మాన్పించడానికి మందులున్నాయి, పద్ధతులున్నాయి. మానాక మనిషికి తిరిగివచ్చే ముక్కుకూ నాలుకకూ ఆ ఇంట్లోనూ ఆ పనిలోనూ చోటు ముందుగా చూసిపెట్టాలి. లేకపోతే వాళ్లు ఆ రెంటినీ సిగరెట్‌తోనే మళ్లీ మూసేస్తారు.