ఆముదం పోసిన బ్రేకు

1983 ఆగస్టులో నన్ను ఖమ్మం వర్క్‌షాపు నుంచి భద్రాచలం డ్యూటీ మీద పంపారు. ఒక జీపు బ్రేకులు పరీక్షించి రిపోర్టు ఇవ్వాలి. అప్పటికి నేను చార్జ్‌హ్యాండ్‌ని. మా ఆరోగ్య శాఖ వాహనాల వర్క్‌షాపులో కింద హెల్పరు, తర్వాత ఫిట్టరు, మెకానిక్, ఆపైన చార్జ్‌హ్యాండ్, అందరి మీదా ఫోర్‌మన్. చార్జ్‌హ్యాండ్ అయ్యాక కూడా చేతికి గ్రీజు అంటడం మానదు గానీ, జేబులోకి ఒక పెన్ను వస్తుంది. రిపేరైన బండిని పరీక్షించి, రోడ్డు మీదికి పంపవచ్చని జాబ్ కార్డు మీద సంతకం చేసేది ఆ పెన్నుతోనే. ఈ కథంతా ఆ సంతకం చుట్టూనే తిరుగుతుంది.

బ్రేకుల పనిలో మా వర్క్‌షాపులో నన్ను మించినవాడు లేడు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, ఉన్న మాట అది. పెడల్ మీద కాలు పెడితే లోపం ఏ చక్రం వైపు ఉందో సగం తెలిసిపోయేది. మిగతా సగం బండి కింద పడుకుంటే తెలిసేది.

ఆ జీపు చర్ల వైపు అడవి పల్లెలకు డాక్టరుగారిని, టీకా మందుల పెట్టెలను తీసుకుపోయేది. అప్పటికే పన్నెండేళ్ల బండి. వాగులోకి దిగే ఏటవాలు దగ్గర డ్రైవరు బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తగిలిందట. రెండోసారి తొక్కే వ్యవధి లేక, గేరు తగ్గించి, బండిని పక్కనున్న మట్టికట్టకు గుద్దించాడు. డాక్టరుగారికి భుజం ఎముక విరిగింది. వాగు నిండుగా పారుతోంది కాబట్టి అంతటితో పోవడం అదృష్టమే.

డ్రైవరు పేరు పాయం ముత్తయ్య, కోయవాడు. వాళ్ల ఊళ్లో లైసెన్సు తీసుకున్న మొదటి మనిషి. ఆరేళ్లుగా దినసరి మీదనే బండి నడుపుతున్నాడు. పర్మనెంటు చేసేవాళ్ల జాబితాలో ఆ ఏడే అతని పేరు ఎక్కింది. ప్రమాదం డ్రైవరు తప్పని తేలితే ఆ పేరు కొట్టేస్తారు, ఉన్న పని నుంచి కూడా తీసేస్తారు.

తప్పు అతనిదేనని అప్పటికే అందరూ తేల్చేశారు. భద్రాచలం షెడ్డులో మెకానిక్ మాస్టర్ సిలిండర్ మూత తీయగానే గుప్పున ఆముదం వాసన వచ్చిందట. మనం కాలితో తొక్కే బలాన్ని నాలుగు చక్రాలకూ పంచే నూనె ఉండే చోట డ్రైవరు ఆముదం పోశాడన్నమాట. జీపుకు కడుపు కట్టిందా, విరేచనానికి ఆముదం పట్టించాడా అని ఆఫీసులో ఒకటే నవ్వులు. నేను వెళ్లేసరికి అతని పేరే ఆముదం ముత్తయ్య అయిపోయింది.

విచారణ అధికారి మా ఇంజనీరుగారు. మర్యాదస్తుడు, కానీ తొందర మనిషి. ఆముదం వల్ల లోపల నూనె జారకుండా పట్టే రబ్బరు కప్పులు చెడి బ్రేకు పోయిందని రెండు వాక్యాలు రాసిమ్మని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోవచ్చని చెప్పారు. బండి చూడకుండా రాయలేనన్నాను. చూసి రాయమన్నారు, తేడా ఏముంటుందన్నట్టు.

ముత్తయ్య షెడ్డు బయట నిలబడి ఉన్నాడు. ఎందుకు పోశావని అడిగాను.

"అడివిల ఊర్లు తిరుగుతున్నప్పుడు ఆయిల్ వేలెడు తగ్గింది సార్. బ్రేకాయిల్ దొరకాల్నంటే మళ్ల భద్రాచలమే రావాలె. డాక్టర్ సార్ జల్దీ పోవాల్నన్నడు."

జీపులో ఇంజనాయిల్ డబ్బా ఉంది కదా, అదెందుకు పోయలేదన్నాను.

"అది పోస్తే రబ్బరు ఉబ్బుతదని మీ షెడ్డులనే విన్న సార్. ఆముదమైతే చెప్పుల తోలుకు రాస్తం, ఏం పాడుగావు. అందుకే గది పోసిన."

నాకు ముచ్చటేసింది. నాకు పని నేర్పిన ఉస్తాద్ పాతకాలపు బ్రేకాయిల్‌లో ఆముదమే ముఖ్యమైన సరుకని చెప్పేవాడు. ఆముదం రబ్బరును తినదు. చిక్కగా ఉంటుంది కాబట్టి ఎల్లకాలం వాడకూడదు గానీ, అడవిలో గతిలేనప్పుడు ఇంజనాయిల్ వదిలి ఆముదం పట్టుకున్నవాడు తెలివైనవాడే. ఈ మాట నేను నోటితో చెబితే ఎవరూ నమ్మరు. బండే చెప్పాలి.

పెడల్ మెత్తబడటమంటే ఒకటే జబ్బు కాదు. తొక్కిపట్టి ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్‌లో కప్పు ఒత్తిడిని పట్టడం లేదు. మొదటి తొక్కుకు లోతుగా పోయి, రెండో తొక్కుకు పైకొచ్చి గట్టిపడితే చక్రంతో తిరిగే డ్రమ్మును ఒరుసుకుని ఆపే లైనర్లు అరిగి దానికి ఎడమయ్యాయి. సందు సరిచేసినా కాలి కింద దూదిమెత్తలా ఊగుతుంటే లోపల గాలి చేరింది. నూనె అణగదు, గాలి అణుగుతుంది. కాలి బలం గాలిని అణచడానికే ఖర్చయిపోతుంది.

ముందు లైనర్ల సందు సరిచేశాను. పెడల్ కొంత పైకొచ్చింది, ఊగడం పోలేదు. తొక్కిపట్టి మూడు నిమిషాలు కూర్చున్నాను. కిందికి దిగలేదు. అంటే మాస్టర్ సిలిండర్ కప్పులు బాగానే ఉన్నాయి. తీసి చూస్తే గట్టిగా, నున్నగా ఉన్నాయి. ఇంజనీరుగారి చేతిలో పెట్టాను. ఆయన వేలితో నొక్కి చూసి తిరిగి ఇచ్చారు.

అలాగైతే గాలి. షెడ్డు మెకానిక్ అప్పటికే మూడుసార్లు బ్లీడింగ్ చేశాడు. అంటే ప్రతి చక్రం దగ్గరా ఉండే నిపుల్ వదులు చేసి, పెడల్ తొక్కిస్తూ నూనెతోపాటు గాలిని బయటికి పంపడం. ఒక్క బుడగ కూడా రాలేదని అతను ఒట్టేసి చెప్పాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

సిలిండర్ బిగించి, గుడ్డ చుట్టిన పట్టకార్లతో మూడు రబ్బరు పైపులనూ నొక్కిపట్టించాను. ముందు చక్రాలకు చెరొకటి, వెనక ఇరుసుకు ఒకటి. పెడల్ రాయిలా నిలబడింది. ఒక్కొక్కటే వదిలించాను. ముందు రెండు వదిలినా పెడల్ కదల్లేదు. వెనకది వదలగానే మెత్తబడింది. జబ్బు వెనక చక్రాల్లో ఉంది.

బండి కిందికి దూరి వెల్లకిలా పడుకుని చూశాను. చక్రం దగ్గర లైనర్లను తోసే వీల్ సిలిండర్‌కు నూనె పైపు కింద, గాలి తీసే నిపుల్ పైన ఉండాలి. ఎందుకంటే గాలి ఎప్పుడూ పైకే పోతుంది. ఇక్కడ పైపు పైన ఉంది, నిపుల్ కింద ఉంది. రెండో చక్రానికీ అంతే. ఎడమ సిలిండర్ కుడికీ, కుడిది ఎడమకూ బిగించారు. మూడుసార్లు కాదు, ముప్పైసార్లు బ్లీడింగ్ చేసినా కిందనుంచి మంచి నూనే వస్తుంది, గాలి పైన హాయిగా కూర్చుంటుంది.

మా వర్క్‌షాపులో ఒక నియమం ఉంది. ఒకవైపు చక్రం విప్పి బిగించాకే రెండోవైపు ముట్టుకోవాలి. విప్పని చక్రం నమూనాగా ఉంటుంది. తొందర పని వచ్చినప్పుడు రెండూ ఒకేసారి విప్పి, ఒకే తట్టలో కడిగేస్తారు. అలాంటి రోజునే ఈ పొరపాటు జరుగుతుంది.

ఎక్కడ జరిగిందో తెలుసుకుందామని లాగ్‌బుక్‌లో ఉన్న జాబ్ కార్డు తీశాను. నాలుగు వారాల కిందట, ఖమ్మం వర్క్‌షాపు, వెనక వీల్ సిలిండర్ల కప్పులు మార్చబడినవి, పరీక్షించడమైనది. కింద సంతకం నాది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు గేటు దగ్గర బండి స్టార్టు చేసి ఉంది. నేను భోజనానికి వెళ్తూ కార్డును బానెట్ మీద పెట్టి సంతకం చేశాను. పెడల్ మీద కాలు పెట్టలేదు. డ్రైవరు కిటికీలోంచి పెడల్ మెత్తగుంది సార్ అన్నాడు. తలెత్తి మొహం చూడలేదు గానీ, అది ఈ ముత్తయ్యే. కొత్త కప్పులు కదా, రెండు రోజుల్లో సర్దుకుంటుంది, పో అన్నాను. లైనర్లు సర్దుకుంటాయి గానీ, కప్పులు సర్దుకోవడమనేది బ్రేకుల్లో లేనే లేదు. అది నాకు తెలియకనా! ఆకలి మాట్లాడించింది.

ఆ తర్వాత జరిగిందంతా నా కళ్ల ముందు వరసగా నిలిచింది. లైనర్లు అరిగాయి, దానికి తగ్గట్టు మాస్టర్ సిలిండర్‌లో నూనె వేలెడు దిగింది, పెడల్ ఇంకా లోతుకు పోయింది. గాలి మాత్రం ఉన్నచోటే ఉంది. రెండు సిలిండర్లనూ గుట్టుగా మార్చి సరిగ్గా బిగించేసి, గాలి చేరిందని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. షెడ్డు వాకిట్లో ముత్తయ్య ఇంకా నిలబడే ఉన్నాడు.

ఇంజనీరుగారిని పిలిచి బండి కిందికి వంగి చూడమన్నాను. తర్వాత సిలిండర్లు విప్పి, ఏ చక్రానిది ఆ చక్రానికే బిగించాను. కొత్త నూనె తెస్తానని మెకానిక్ బయల్దేరితే ఆపి, తీసిన ఆముదం కలిసిన నూనెనే వడగట్టి మళ్లీ పోయించాను. పెడల్ దగ్గర ముత్తయ్యను కూర్చోబెట్టి, నిపుల్ దగ్గర నేను కూర్చున్నాను. కొట్టు, కొట్టు, పట్టి ఉంచు అని నేను అనడం, అతను పట్టి ఉంచడం. నిపుల్‌లోంచి బుడగలు బుసబుసమంటూ వచ్చాయి. నాలుగోసారికి పైనుంచి ముత్తయ్య గొంతు వినిపించింది.

"గట్టిపడ్డది సార్!"

ఇంజనీరుగారు తానే ఎక్కి తొక్కి చూశారు. అదే ఆముదం, అదే రబ్బరు, మారింది సిలిండర్లు మాత్రమే. "అయితే ఆముదం కాదన్నమాట" అన్నారు. కాదు సార్, తప్పు నాదే అని చెప్పాను. ఆ తర్వాతే పాత నూనె పూర్తిగా తీసి, లోపల కడిగి కొత్తది పోశాం.

రిపోర్టులో సిలిండర్ల సంగతి, పరీక్షించకుండా సంతకం చేసిన సంగతి, డ్రైవరు ముందే చెప్పినా వినని సంగతి రాశాను. విప్పి బిగించిన ఫిట్టరు పేరు రాయలేదు. పరీక్షించాల్సింది నేను కాబట్టి. ముత్తయ్య పేరు జాబితాలో నిలిచింది. నాకు మెమో వచ్చింది. నా సర్వీసులో అదొక్కటే మెమో. దాని కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది, చూపించడానికి నాకేమీ నామోషీ లేదు.

బస్సెక్కేముందు ముత్తయ్యను ఒకటి అడిగాను. గేటు దగ్గర నాతో చెప్పానని విచారణలో ఎందుకు అనలేదని.

"అంటే ఎవలు నమ్ముతరు సార్? మీరు సంతకం పెట్టిన్రు. నాది నోటి మాట."

ఖమ్మం వచ్చాక జాబ్ కార్డులో ఒక గీత గీయించాను. గీతకు పైన డ్రైవరు చెప్పిన ఫిర్యాదు అతని మాటల్లోనే రాయాలి. కింద నా సంతకం. పైన ఖాళీగా ఉంటే కింద పెన్ను పెట్టేవాణ్ణి కాదు.

ముత్తయ్య పర్మనెంటు అయ్యాక ఎన్నోసార్లు బండి తెచ్చాడు. రిపేరు అవగానే డ్రైవరు వైపు తలుపు తెరిచి పట్టుకునేవాడు.

"కూసోని తొక్కి చూడుండ్రి సార్. గట్టిగుంటెనే పెట్టుండ్రి సంతకం."

రిటైరయ్యేదాకా ప్రతి బండికీ అలాగే చేశాను. ఎక్కి, తొక్కి, ఆ తర్వాతే సంతకం.